తీర్పు లేని విచారణలు: కెనడా ఆదివాసీ జడ్జి ముర్రే సింక్లెయిర్ ఏం సాధించారు, ఏది మిగిలిపోయింది

సంక్షిప్తంగా: కెనడాలోని మానిటోబా ప్రావిన్స్‌లో తొలి ఆదివాసీ జడ్జి ముర్రే సింక్లెయిర్ (1951–2024). ఆయనకు పేరు తెచ్చిన మూడు పెద్ద విచారణల్లోనూ ఎవరినీ శిక్షించే అధికారం ఆయనకు లేదు. ప్రభుత్వం చేత ఏదీ అమలు చేయించే అధికారమూ లేదు. ఆయన చేతిలో ఉన్నదల్లా వినడం, రాసి పెట్టడం, ఎవరు ఏం చేయాలో చెప్పడం. ఆ పనితో దేశం మాట్లాడే భాష మారింది, కొన్ని చట్టాలు వచ్చాయి. జైళ్ళలో ఆదివాసీల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఈ రెండూ ఒకే పద్ధతి నుంచి ఎలా వచ్చాయన్నదే ఈ వ్యాసం.

కెనడా పౌరసత్వం వచ్చిన రోజు అందరితో కలిసి నిలబడి ప్రమాణం చదవాలి. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్ళి అక్కడ స్థిరపడినవాళ్ళు 2021 జూన్ నుంచి ఆ ప్రమాణంలో ఒక అదనపు మాట పలుకుతున్నారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజల ఆదివాసీ హక్కులను, ఒప్పందాల ద్వారా వచ్చిన హక్కులను రాజ్యాంగం గుర్తిస్తుందని, ఆ రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని. ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. సెప్టెంబర్ 30న పిల్లలు నారింజ రంగు టీషర్టు వేసుకుని బడికి ఎందుకు వెళ్తారో, యూనివర్సిటీలో ఏ మీటింగ్ మొదలైనా 'ఇది ఫలానా ప్రజల నేల' అని ముందుగా ఎందుకు చదువుతారో కూడా కొత్తగా వెళ్ళినవాళ్ళకు వెంటనే అర్థం కాదు.

ప్రమాణంలోని ఆ మాటకు మూలం ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి వేరుచేసిన రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద 2015లో వచ్చిన ఒక నివేదిక. సెప్టెంబర్ 30 జాతీయ దినం కావడానికీ అదే కారణం. మీటింగుల ముందు నేల గురించి చెప్పే ఆనవాయితీ ఊపందుకున్నదీ ఆ నివేదిక తర్వాతే. దాన్ని తయారుచేసిన సత్య, సయోధ్య కమిషన్‌కు అధ్యక్షుడు సింక్లెయిర్.

పుట్టిన నేల, పుట్టిన ఏడాది

సింక్లెయిర్ 1951 జనవరి 24న విన్నిపెగ్ నగరానికి ఉత్తరాన, సెల్‌కర్క్ ప్రాంతంలో పుట్టారు. అక్కడ ఒకప్పుడు సెయింట్ పీటర్స్ అనే, ఆదివాసీలకు కేటాయించిన రిజర్వు ఉండేది. సారవంతమైన నేల, పక్కనే నది. 1907లో అక్కడివాళ్ళు ఆ భూమిని తమంతట తామే వదులుకున్నట్టు కాగితం పుట్టించి, వాళ్ళను ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న పెగ్విస్‌కు పంపించారు. ఆ కాగితం చెల్లదని కొన్నేళ్ళకే ఒక రాయల్ కమిషన్ మెజారిటీ అభిప్రాయంగా తేల్చింది. అయినా 1916లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి చెల్లని కాగితాన్ని చెల్లేలా చేసింది. నష్టపరిహారం ఒప్పందం కుదరడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. కమిషన్ నిజం చెప్పినా ప్రభుత్వం వేరే దారిన పోవచ్చనడానికి సింక్లెయిర్ పుట్టిన ఊరే సాక్ష్యం.

పుట్టిన ఏడాదికీ ఒక లెక్క ఉంది. కెనడాలో ఆదివాసీల వ్యవహారాలను నడిపే చట్టం ఇండియన్ యాక్ట్. దానికి 1927లో చేసిన సవరణ ప్రకారం, ఆదివాసీల హక్కుల దావాల కోసం లాయరును పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి లేకుండా డబ్బు వసూలు చేయడం నేరం. పోయిన భూమి గురించి కోర్టుకు వెళ్దామని చందాలు వేసుకున్నా నేరమే. ఆ నిషేధాన్ని ఎత్తేసింది 1951లో. అంటే తన జాతికి లాయరును పెట్టుకునే వీలు తిరిగి వచ్చిన ఏడాదే ఈయన పుట్టారు. అక్కడి నుంచి 37 ఏళ్ళకు జడ్జి అయ్యారు. ఆ దూరం ఎంత పెద్దదో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పసితనంలోనే తల్లి చనిపోతే తాత, నాయనమ్మ పెంచారు. మనవడు క్రైస్తవ మతగురువు కావాలని నాయనమ్మ కోరిక. తన జాతి భాష ఓజిబ్వేలో ఆయన పేరు మిజానా గీజిక్, 'ఆకాశంలోని బొమ్మల గురించి మాట్లాడేవాడు' అని అర్థం. కాలేజీలో చేరి, నాయనమ్మను చూసుకోవడానికి మధ్యలో చదువు ఆపేశారు. సెల్‌కర్క్‌లో ఆదివాసీ సహాయ కేంద్రంలో పని చేశారు. ఆ తర్వాత మానిటోబా అటార్నీ జనరల్ హొవార్డ్ పాలీ దగ్గర సహాయకుడిగా ఉన్నారు. చట్టాలు ఎలా తయారవుతాయో దగ్గర నుంచి చూసింది అక్కడే. 1979లో మానిటోబా యూనివర్సిటీ నుంచి లా పట్టా, మరుసటి ఏడాది ప్రాక్టీసు.

ప్రాక్టీసు మొదలైన కొన్నాళ్ళకే ఆయనకు ఈ వృత్తి వదిలేద్దామనిపించింది. తన వాళ్ళకు న్యాయం దొరకని చోట తాను లాయరుగా ఉండి ఏం లాభం అన్న ప్రశ్న. ఒక ఓజిబ్వే పెద్దమనిషి దగ్గరికి వెళ్తే, ముందు అనిషినాబే (ఓజిబ్వేలు తమను తాము పిలుచుకునే పేరు) మనిషిగా నువ్వెవరో తెలుసుకో అని ఆయన చెప్పారట. సింక్లెయిర్ తర్వాతి జీవితమంతా ప్రసంగాల్లో నాలుగు ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. ఎక్కడి నుంచి వచ్చాను? ఎక్కడికి వెళ్తున్నాను? ఇక్కడ ఎందుకున్నాను? నేనెవరిని? ఏ పిల్లవాడికైనా చదువు ఈ నాలుగింటికి జవాబు వెతుక్కోనివ్వాలన్నది ఆయన వాదన. ఈ ప్రశ్నలకు జవాబే దొరకకుండా చేసిన బడుల గురించి తానే విచారణ జరపాల్సి వస్తుందని అప్పటికి ఆయనకు తెలియదు.

ఒక హత్య, ఒక తుపాకీ గుండు, కొత్త జడ్జి

1988లో ఆయన మానిటోబా ప్రొవిన్షియల్ కోర్టుకు అసోసియేట్ చీఫ్ జడ్జి అయ్యారు. ఆ ప్రావిన్స్‌లో మొదటి ఆదివాసీ జడ్జి, మొత్తం కెనడాలో రెండో వ్యక్తి. మొదటివారు 1971లో బ్రిటిష్ కొలంబియాలో జడ్జి అయిన ఆల్ఫ్రెడ్ స్కావ్. కుర్చీలో కుదురుకోకముందే ఒక పెద్ద విచారణ నడిపే బాధ్యత ఆయన మీద పడింది.

దానికి రెండు చావులు కారణం. హెలెన్ బెట్టీ ఆస్బోర్న్ 19 ఏళ్ళ క్రీ తెగ అమ్మాయి. టీచర్ కావాలని సొంతూరు నార్వే హౌస్ వదిలి ద పా అనే పట్టణానికి చదువుకోవడానికి వచ్చింది. 1971 నవంబర్‌లో ఒక రాత్రి నలుగురు తెల్ల యువకులు ఆమెను బలవంతంగా కారులో ఎక్కించుకుని వెళ్ళారు. ఆమె హత్యకు గురైంది. ఎవరు చేశారో ఊళ్ళో చాలామందికి తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. 16 ఏళ్ళ తర్వాత, 1987లో, నలుగురిలో ఒకరికి మాత్రమే శిక్ష పడింది.

రెండోది జె.జె. హార్పర్ మరణం. ఆయన ఆదివాసీ నాయకుడు. 1988 మార్చి 9 తెల్లవారుజామున విన్నిపెగ్ వీధిలో నడిచి వెళ్తుంటే, కారు దొంగ కోసం వెతుకుతున్న పోలీసు ఆపాడు. పెనుగులాటలో తుపాకీ పేలి హార్పర్ చనిపోయారు. అసలు దొంగ అప్పటికే దొరికిపోయాడు. రెండు రోజులు తిరగకముందే పోలీసు శాఖ తన మనిషి తప్పేమీ లేదని ప్రకటించింది.

సింక్లెయిర్, సీనియర్ జడ్జి ఆల్విన్ హామిల్టన్ కలిసి నడిపిన ఆదివాసీ న్యాయ విచారణ ఈ రెండు కేసులతో ఆగలేదు. విమానం తప్ప వేరే దారి లేని ఊళ్ళకు కూడా వెళ్ళి జనం చెప్పింది విన్నారు. అక్కడ కోర్టు ఎలా నడుస్తుందో వాళ్ళ నివేదిక చదివితే కళ్ళకు కడుతుంది. జడ్జి, లాయర్లు చిన్న విమానంలో ఒక్కరోజుకు దిగుతారు. ముద్దాయి తన లాయరును చూసేది కేసు పిలవడానికి కొన్ని నిమిషాల ముందు. వాతావరణం బాగోకపోతే విమానం రాదు, కేసు నెలల తరబడి వాయిదా. ఈ గొడవంతా ఎందుకని చాలామంది నేరం ఒప్పేసుకుంటారు. భాషది మరో చిక్కు. 'గిల్టీ' అన్న మాటకు సరిగ్గా సరిపోయే పదం ఓజిబ్వే, క్రీ భాషల్లో లేదు. అనువాదంలో అది 'నిన్ను నిందిస్తున్నారా?' లాంటి ప్రశ్నగా మారిపోతుంది. పోలీసు నిందించాడు కాబట్టే కోర్టులో నిలబడ్డాడు, అవునంటాడు. ఆ 'అవును' రికార్డులో నేరాంగీకారం అవుతుంది.

1991లో వచ్చిన నివేదిక మొదటి మాటే, మానిటోబా ఆదివాసీల విషయంలో న్యాయ వ్యవస్థ భారీ ఎత్తున విఫలమైందని. అప్పటికి ప్రావిన్స్ జనాభాలో ఆదివాసీలు సుమారు 12 శాతం, జైళ్ళలో సగానికి పైగా వాళ్ళే. ఆదివాసీలు నడుపుకునే సొంత న్యాయ వ్యవస్థలు ఉండాలన్నది ప్రధాన సిఫారసు. అప్పటి ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు, నివేదిక ఏళ్ళ తరబడి కదల్లేదు. 1999లో ప్రభుత్వం మారాక అమలు కోసం మరో కమిషన్ వేశారు. దాని ఫలితంగా పిల్లల సంక్షేమ శాఖ నిర్వహణలో కొంత భాగం ఆదివాసీ సంస్థల చేతికి వెళ్ళింది.

విచారణ కమిషన్లకు ఉన్న ఈ బలహీనత తెలుగు పాఠకులకు కొత్త కాదు. మన దగ్గర 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద కూడా అంతే. నివేదికను, దాని మీద తీసుకున్న చర్యల పత్రాన్ని ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలి, సిఫారసులు పాటించి తీరాలని మాత్రం లేదు. సింక్లెయిర్ తన మొదటి పెద్ద పనిలోనే ఈ గోడను చూశారు. తర్వాత ఆయన రాసిన సిఫారసుల తీరు వేరుగా ఉండటానికి ఈ అనుభవం కారణమని అనుకోవడానికి ఆధారం ఉంది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

పన్నెండు మంది పసిపిల్లలు

1994లో విన్నిపెగ్‌లోని పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ల సమయంలోగానీ, ఆ తర్వాతగానీ 12 మంది పిల్లలు చనిపోయారు. దాని మీద మరణ విచారణ సింక్లెయిర్‌కు అప్పగించారు. సాక్ష్యాలు వినడానికే దాదాపు మూడేళ్ళు పట్టింది. నివేదిక 2000లో వచ్చింది. ఈ కేసుకు ఆదివాసీ అంశంతో సంబంధం లేదు. అందుకే ఆయన జీవితం గురించి రాసేటప్పుడు చాలామంది దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. ఆయన పద్ధతి తేటగా కనిపించేది మాత్రం ఇక్కడే.

మానిటోబా చట్టం ప్రకారం ఇలాంటి విచారణలో జడ్జి ఎవరు దోషి అని చెప్పకూడదు. చావు ఎలా జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అన్నంతవరకే. ఆ హద్దులోనే ఉండి ఆయన ఒక్కో బిడ్డ కేసునూ విడిగా రాసుకుంటూ పోయారు. ఆపరేషన్ థియేటర్ నర్సులు మొదటి నుంచీ అనుమానం వ్యక్తం చేశారు. వాళ్ళ మాటను పైవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. అదే సంవత్సరం మే నెలలో మత్తు డాక్టర్లు పనిచేయమని పక్కకు తప్పుకుంటేగానీ కొంతకాలం ఆపరేషన్లు తగ్గలేదు. తమ బిడ్డకు కోత పెట్టే ప్రోగ్రాం గురించి లోపల ఇంత గొడవ నడుస్తోందని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. కనీసం ఐదు మరణాలు ఆపగలిగినవేనని నివేదిక తేల్చింది. దోషి పేరు చెప్పే వీలు లేకపోయినా, నర్సు మాట పైకి ఎందుకు చేరలేదో మెట్టు మెట్టుగా చూపించింది. ఎవరి మాట వింటారు, ఎవరి మాట పక్కన పెడతారు అన్న ప్రశ్న ఆస్బోర్న్ కేసులోనూ, ఇక్కడా ఒకటే.

2001లో ఆయన మానిటోబాలో పై స్థాయి కోర్టు అయిన క్వీన్స్ బెంచ్‌కు వెళ్ళారు. ఆ కోర్టులోనూ ఆయనే మొదటి ఆదివాసీ.

అది మన గురుకులం లాంటిది కాదు

తెలుగువాళ్ళకు రెసిడెన్షియల్ స్కూల్ అంటే గురుకులం గుర్తుకొస్తుంది. ఎంట్రన్స్ రాసి, సీటొస్తే ఇంటిల్లిపాదీ సంతోషపడే చోటు. కెనడా వార్తల్లో ఆ పేరు చూసినప్పుడు మొదట పక్కన పెట్టాల్సింది ఈ బొమ్మనే.

కెనడా ప్రభుత్వం డబ్బుతో, ఎక్కువగా చర్చిల నిర్వహణలో నడిచిన ఆ బడుల ఉద్దేశం పిల్లలను ఇంటి నుంచి, భాష నుంచి, ఆచారాల నుంచి విడదీయడం. అది దాచిపెట్టిన ఉద్దేశం కాదు, అధికారులు కాగితాల మీదే రాసుకున్నారు. 1920 నుంచి చట్టం ఆదివాసీ పిల్లల హాజరును తప్పనిసరి చేసింది. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల్లో ఉన్నారు. చివరి బడులు మూతపడింది 1990ల్లో. జుట్టు కత్తిరించేవారు, సొంత భాషలో మాట్లాడితే కొట్టేవారు, అన్నాచెల్లెళ్ళను కలవనిచ్చేవారు కాదు. లైంగిక వేధింపులు పెద్ద ఎత్తున జరిగాయి. నారింజ చొక్కా కథ ఇక్కడిదే. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ళ పాప అమ్మమ్మ కొనిచ్చిన కొత్త నారింజ చొక్కా తొడుక్కుని బడికి వెళ్ళింది. వెళ్ళిన రోజే దాన్ని విప్పించి లాగేసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. 2013లో ఆమె ఆ సంగతి బయటికి చెప్పిన తర్వాత నారింజ చొక్కా గుర్తుగా మారింది.

సింక్లెయిర్ ఆ బడులకు వెళ్ళలేదు. కానీ ఆయన కుటుంబంలో పెద్దలు వాటిలో పెరిగినవాళ్ళు.

చేతులు కట్టేసిన కమిషన్

సత్య, సయోధ్య కమిషన్‌ను ప్రభుత్వం దయతలచి వేసిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బడుల్లో చదివినవాళ్ళు వేల సంఖ్యలో కోర్టుకెక్కారు. ఆ కేసుల రాజీ ఒప్పందం 2007లో అమల్లోకి వచ్చింది. బడిలో గడిపిన మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, తర్వాతి ప్రతి ఏడాదికి 3,000 డాలర్లు, వేధింపులకు విడిగా పరిహారం, వీటితో పాటు ఒక కమిషన్. దాని ఖర్చూ ఆ రాజీ సొమ్ములో భాగమే. 2008లో ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది కమిషన్ మొదటి అధ్యక్షుడు కొద్ది నెలలకే రాజీనామా చేయడంతో పని ఆగిపోయింది. 2009లో సింక్లెయిర్ పగ్గాలు పట్టారు. ఆయనతో పాటు విల్టన్ లిటిల్‌చైల్డ్, మేరీ విల్సన్ సభ్యులు. లిటిల్‌చైల్డ్ స్వయంగా అలాంటి బడిలో పెరిగిన లాయరు.

అధికారాల దగ్గరే తేడా ఉంది. మామూలు విచారణ కమిషన్ సాక్షులను సమన్లు పంపి పిలిపించగలదు. ఈ కమిషన్‌కు ఆ అధికారం లేదు. కోర్టులో అప్పటికే శిక్ష పడ్డవాళ్ళ సంగతి తప్ప, తప్పు చేసిన మనిషి పేరు బయటపెట్టే వీలూ లేదు. దక్షిణాఫ్రికాలోని ఇలాంటి కమిషన్ నేరం ఒప్పుకున్నవాళ్ళకు క్షమాభిక్ష ఇవ్వగలిగింది, కాబట్టి నేరస్తులు వచ్చి చెప్పారు. కెనడాలో వాళ్ళు రావాల్సిన అవసరమే లేకపోయింది. అందువల్ల ఇక్కడ మాట్లాడింది దాదాపుగా బాధితులే. పేర్లు లేని నిజం సగం నిజమేనని కొందరు బాధితులు అప్పుడూ విమర్శించారు, ఇప్పటికీ విమర్శిస్తున్నారు. ఆ విమర్శలో బలం ఉంది.

ఉన్నదానితోనే కమిషన్ దేశమంతా తిరిగింది. 2010లో విన్నిపెగ్‌లో మొదలై 2014లో ఎడ్మంటన్ దాకా ఏడు జాతీయ సభలు, వాటి మధ్య ఎన్నో చిన్న ఊళ్ళు. 6,500 మందికి పైగా తమ కథ చెప్పారు. సభలో ఎవరైనా ఏడిస్తే కళ్ళు తుడుచుకున్న టిష్యూ కాగితాలను చెత్తబుట్టలో వేసేవారు కాదు. వాటిని వేరుగా పోగుచేసి పవిత్రాగ్నిలో వేసేవారు, ఆ కన్నీళ్ళకు మర్యాద ఇవ్వాలని. బడిలో ఉన్నన్నాళ్ళూ పుట్టినరోజు ఎరుగని ముసలివాళ్ళ కోసం సభలో కేకులు పంచి అందరూ కలిసి పుట్టినరోజు పాట పాడారు. ఒక జడ్జి అధ్యక్షతన జరిగే అధికారిక విచారణలో ఇలాంటివి ఎక్కడా రాసి ఉండవు. వినడమే ఏకైక అధికారమైనప్పుడు, చెప్పేవాళ్ళకు ధైర్యం వచ్చేలా వినాలన్నది ఆయన లెక్క.

కాగితాల దగ్గర మాత్రం మర్యాద సరిపోలేదు. ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్న పత్రాలు వెతికి ఇచ్చే బాధ్యత ఎవరిదన్న గొడవ కోర్టుకు వెళ్ళింది. 2013 జనవరిలో ఒంటారియో కోర్టు ప్రభుత్వమే ఇవ్వాలని చెప్పింది. ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం నుంచి పుట్టిన కమిషన్ అదే ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్ళాల్సి రావడం ఈ వ్యవస్థ ఎంత ఇరుకైనదో చెబుతుంది.

ఆ ఒక్క మాట

2015లో వచ్చిన నివేదిక ఈ బడులను 'సాంస్కృతిక జాతి నిర్మూలన' అంది. 'జాతి నిర్మూలన' అనకుండా 'సాంస్కృతిక' అని ఎందుకు చేర్చారన్న సందేహం చాలామందికి ఉంది. జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించిన 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ముసాయిదాలో సాంస్కృతిక విధ్వంసం కూడా ఉండేది, తుది పాఠంలో తీసేశారు. అయితే ఒక వర్గం పిల్లలను బలవంతంగా మరో వర్గానికి తరలించడం తుది పాఠంలోనూ ఉంది. ఆ లెక్కన చట్టపరంగా గట్టి మాట వాడే ఆస్కారం ఉందన్న వాదన బలంగా వినిపించింది. కానీ ఎవరినీ చట్టపరంగా దోషిగా తేల్చకూడదన్నది కమిషన్‌కు పెట్టిన షరతు. సింక్లెయిర్ తర్వాత బహిరంగంగానే చెప్పారు, తన దృష్టిలో అది జాతి నిర్మూలనేనని. 2022 అక్టోబర్‌లో కెనడా ప్రతినిధుల సభ అదే మాటను ఏకగ్రీవంగా తీర్మానించింది. కమిషన్ అనలేకపోయిన మాటను ఏడేళ్ళ తర్వాత పార్లమెంటు అంది.

సమాధుల లెక్క

2021 మేలో బ్రిటిష్ కొలంబియాలోని కామ్లూప్స్ పాత బడి ఆవరణలో 215 మంది పిల్లల అవశేషాలు రాడార్‌లో కనిపించాయన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. తర్వాత దాని మీద వాదోపవాదాలు, అపనమ్మకాలు. నేల కింద ఎముకలు ఉన్నాయని రాడార్ చెప్పదు. మట్టి ఎక్కడ కదిలిందో చెబుతుంది. అందుకే తర్వాత సంఖ్యను 200గా సవరించి, 'సమాధులు కావచ్చు' అన్న మాట వాడారు.

ఈ వాదంలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పిల్లలు చనిపోయారన్న విషయం రాడార్ మీద ఆధారపడి లేదు. కమిషన్ పాత రికార్డుల నుంచే 3,200 మరణాలు లెక్కగట్టింది. వాటిలో దాదాపు మూడో వంతు కేసుల్లో బిడ్డ పేరు రాయలేదు. నాలుగో వంతులో ఆడో మగో రాయలేదు. దాదాపు సగంలో ఎందుకు చనిపోయారో రాయలేదు. క్షయ వంటి రోగాలు పెద్ద కారణం. కిక్కిరిసిన గదులు, సరిగ్గా లేని తిండి ఆ రోగాలను పెంచాయి. శవాన్ని ఇంటికి పంపడానికి ఖర్చవుతుందని చాలాచోట్ల బడి దగ్గరే పూడ్చేవారు. అసలు సంఖ్య 6,000 దాటవచ్చని సింక్లెయిర్ అభిప్రాయపడ్డారు. ఈ సమాధుల వెతుకులాట కోసం 2009లోనే కమిషన్ 15 లక్షల డాలర్లు అడిగితే కేంద్రం ఇవ్వలేదు. అప్పుడే ఇచ్చి ఉంటే 2021 వార్త అంత గందరగోళంగా వచ్చేది కాదు.

94 పనులు, ఎవరికి ఏది

మొదటి విచారణ సిఫారసులు ప్రధానంగా ఒక ప్రభుత్వాన్ని ఉద్దేశించినవి. ఆ ప్రభుత్వం కదలకపోతే అవీ కదల్లేదు. 2015 నివేదికలోని 94 'కార్యాచరణ పిలుపులు' అలా లేవు. ప్రతిదానికీ నంబరు, ప్రతిదానికీ చిరునామా. కొన్ని కేంద్రానికి, కొన్ని ప్రావిన్స్‌లకు, కొన్ని లా కాలేజీలకు, చర్చిలకు, వ్యాపార సంస్థలకు, మీడియాకు. లా విద్యార్థులందరికీ ఆదివాసీ చట్టాల కోర్సు తప్పనిసరి చేయమన్నది 28వ పిలుపు. దానికి ప్రధానమంత్రి సంతకం అక్కర్లేదు, కాలేజీలు తమంతట తామే మొదలుపెట్టాయి. నంబర్లు ఉండటంతో పత్రికలు, పరిశోధన సంస్థలు ఏటా లెక్క చూడగలిగాయి. శిక్షించే అధికారం లేని చోట, లెక్క అడిగే అవకాశాన్ని ఆయన జనం చేతికిచ్చారు. పదేళ్ళ తర్వాత చూస్తే ఆ నివేదికలో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే.

పోపు క్షమాపణ 58వ పిలుపు. ఏడాదిలోగా, కెనడా గడ్డ మీద చెప్పాలని అడిగారు. ఏడేళ్ళు పట్టింది. 2022 జులైలో ఆల్బెర్టాలోని మాస్క్వాచీస్‌లో పోప్ ఫ్రాన్సిస్ క్షమాపణ చెప్పారు. అక్కడ ఆయన తలకు ఈకల కిరీటం తొడిగింది కమిషన్ సభ్యుడు లిటిల్‌చైల్డ్. లిటిల్‌చైల్డ్ చదివిన బడి ఆ ఊరిదే. మర్నాడే సింక్లెయిర్ ఒక ప్రకటన ఇచ్చారు. కొందరు వ్యక్తులు తప్పు చేశారన్నట్టుగా మాత్రమే చెప్పి, సంస్థగా చర్చి పాత్రను ఒప్పుకోకపోవడం పెద్ద లోటని.

2016లో ఆయనను సెనేట్‌కు నియమించారు. ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనను కెనడా చట్టాలకు వర్తింపజేసే బిల్లును సెనేట్‌లో ఆయనే నడిపించారు. 2019లో సభ గడువు ముగియడంతో అది చచ్చిపోయింది. 2021లో ప్రభుత్వమే అలాంటి బిల్లు తెచ్చి చట్టం చేసింది, అప్పటికి ఆయన సెనేట్ వదిలేశారు. ఒంటారియోలోని థండర్ బే పోలీసు బోర్డు మీద 2018లో ఆయన ఇచ్చిన నివేదిక, ఆదివాసీల మీద వ్యవస్థాగత జాతి వివక్షను ఆ బోర్డు గుర్తించి ఎదుర్కోలేకపోయిందని ఎత్తిచూపింది. బడుల విధానానికి పునాది వేసిన తొలి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ విగ్రహాలు కూల్చాలన్న డిమాండ్ వచ్చినప్పుడు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అది పగతీర్చుకోవడంలా ఉంటుందని, ఆదివాసీ వీరులను గౌరవించడం మీద దృష్టి పెట్టమని 2017లో చెప్పారు. చాలామంది యువ ఆదివాసీలకు ఆ మాట నచ్చలేదు.

కదలని అంకెలు

యెల్లోహెడ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆదివాసీ పరిశోధన కేంద్రం 2023 చివరికి 94లో 13 మాత్రమే పూర్తయ్యాయని, ఆ ఏడాది ఒక్కటీ పూర్తవ్వలేదని లెక్కకట్టింది. ప్రభుత్వ లెక్క ఇంతకన్నా ఎక్కువ. 'పూర్తయింది' అంటే ఏమిటన్న దగ్గరే తేడా. సెలవు దినం, ప్రమాణంలో ఒక మాట, ఆదివాసీ భాషల చట్టం, ఇవి ఒక ఓటుతో, ఒక సంతకంతో అయ్యే పనులు. పిల్లల సంక్షేమం, జైళ్ళు అలా కాదు. అవి డబ్బు, ఇళ్ళు, పోలీసుల తీరు, కోర్టుల అలవాట్లు అన్నీ కలిస్తేనే మారేవి.

జైళ్ళలో ఆదివాసీల అధిక సంఖ్యను పదేళ్ళలో పోగొట్టాలని 30వ పిలుపు కోరింది. ఆ గడువు 2025తో అయిపోయింది. 2015లో కేంద్ర జైళ్ళలో దాదాపు నాలుగో వంతు ఆదివాసీలు. 2022 నాటికి 32 శాతం. దేశ జనాభాలో వాళ్ళు సుమారు 5 శాతమే. జైల్లో ఉన్న మహిళల్లో అయితే సగం మంది వాళ్ళే. సింక్లెయిర్ సొంత ప్రావిన్స్ మానిటోబాలో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో దాదాపు 90 శాతం ఆదివాసీలు. రెసిడెన్షియల్ స్కూళ్ళు మూతపడ్డాయి, బిడ్డను ఇంటి నుంచి వేరుచేయడం వేరే పేరుతో సాగుతోందని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు. న్యాయస్థానాల పైమెట్టు మీద మార్పు కనిపిస్తుంది. 2022లో మిషెల్ ఒబోన్సావిన్ కెనడా సుప్రీంకోర్టులో తొలి ఆదివాసీ జడ్జి అయ్యారు. ముద్దాయి నిలబడే చోట ఆ మార్పు ఇంకా కనిపించడం లేదు.

సింక్లెయిర్ 2024 నవంబర్ 4న 73వ ఏట విన్నిపెగ్‌లో చనిపోయారు. మానిటోబా శాసనసభ ఆవరణలో ఆయన కోసం పవిత్రాగ్ని వెలిగించారు.

కమిషన్ పోగుచేసిన కాగితాలు, వీడియోలు మానిటోబా యూనివర్సిటీలోని జాతీయ కేంద్రంలో ఉన్నాయి. 2019 సెప్టెంబర్ 30న ఆ కేంద్రం 50 మీటర్ల పొడవున్న ఎర్రటి గుడ్డను విప్పింది. బడుల్లో చనిపోయిన 2,800 మంది పిల్లల పేర్లు దాని మీద ఉన్నాయి. ఇప్పుడు ఆ రిజిస్టరులో పేర్లు 4,000 దాటాయి. పాత చర్చి పుస్తకంలోనో, ఆసుపత్రి చిట్టాలోనో మరో పిల్లవాడి ఆనవాలు దొరికితే, సరిచూసి, ఆ పేరు కూడా చేరుస్తున్నారు.